ఇన్‌స్టంట్ ఫొటోలు దాచే పెట్టెలు, ఆల్బములు: శ్రీకాకుళం ఉక్కలో కొన్నేళ్ల వాడకం తరువాత

మా ఇంట్లో ఇన్‌స్టంట్ ఫొటోలు, అంటే తీసిన వెంటనే కెమెరాలోంచే బయటికి వచ్చే ఫొటోలు, రెండు వేలు దాటాయి. ఎక్కువ భాగం ఫుజీఫిల్మ్ ఇన్‌స్టాక్స్ మినీ ఫొటోలే. పెళ్లిళ్లలో గుంపుగా నిలబెట్టి తీసిన వైడ్ ఫొటోలు కొన్ని, స్క్వేర్ కొన్ని ఉన్నాయి. ఇవి కాక మా పెదనాన్నగారు అమెరికా నుంచి తెచ్చిన పోలరాయిడ్ 600 కెమెరాతో ఆయన తీసినవీ, తరువాత నేను తీసినవీ మరికొన్ని. వీటిని దాచడానికి అంటుకునే పేజీల ఆల్బములు, పాకెట్ ఆల్బములు, గాలి చొరని ప్లాస్టిక్ పెట్టెలు, కెమెరాల కోసం అమ్మే కరెంటు డ్రై క్యాబినెట్, అన్నీ ఏళ్ల తరబడి వాడి చూశాను. తీర్పు ముందే చెప్పేస్తాను: సముద్రపు గాలి తగిలే మన జిల్లాలో ఫొటోకు మొదటి శత్రువు చెమ్మ, కాబట్టి విడివిడి పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, మూత బిగిసే పెట్టెలో నిలువుగా పేర్చి, పక్కన తేమ పీల్చే సిలికా జెల్ గింజలు ఉంచే పద్ధతే మిగిలిన వాటన్నిటి కంటే మేలు. ఆల్బము చుట్టాలు వచ్చినప్పుడు చూపడానికి బాగుంటుంది, అంతే.

ఈ ఫొటో స్టూడియో ప్రింటు వంటిది కాదు. అంచులో ఉండే మందు తిత్తి కెమెరా రోలర్ల మధ్య చితికి, ఆ క్షార ద్రవం రెండు ప్లాస్టిక్ పొరల మధ్య పరుచుకుని బొమ్మను తేలుస్తుంది. పని అయ్యాక కూడా ఆ పొరలన్నీ ఫొటోలోనే ఉండిపోతాయి. అందువల్ల దాన్ని కత్తిరించకూడదు, వంచకూడదు, బరువు కింద నొక్కి ఉంచకూడదు. పైగా నెగెటివ్ ఉండదు. పాడైతే మళ్లీ కడిగించుకునే దారి లేదు కనుక, మామూలు ప్రింటుకు అతిగా అనిపించే జాగ్రత్త దీనికి సరిపోతుంది.

అంటుకునే పేజీల ఆల్బముల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, కొనవద్దు. జిగురు గీతల మీద ఫొటో పెట్టి పైన పల్చని ప్లాస్టిక్ కప్పే ఈ రకంలో, కొన్నాళ్లకు ఆ జిగురు పసుపు రంగుకు తిరిగి, ఫొటో వెనుక భాగాన్ని వదలకుండా పట్టుకుంటుంది. పాకెట్ ఆల్బముల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వాటిలో మంచివీ చెడ్డవీ పైకి ఒకేలా కనిపిస్తాయి. నాకు కానుకగా వచ్చిన ఒక ఆల్బము పాకెట్లు మెత్తగా, మెరుస్తూ, కొత్త రెయిన్‌కోటు వాసన వేసేవి. రెండు వానాకాలాలు గడిచాక ఒక ఫొటో బయటికి లాగితే చిరచిరమని చప్పుడు చేస్తూ వచ్చింది; దాని ముఖం మీద అరచేయంత జిడ్డు మచ్చ, వేలితో రాస్తే సాగుతోంది. అది పీవీసీ ప్లాస్టిక్. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థాలు మెల్లగా బయటికి ఊరి ఫొటోకు అంటుతాయి. పాలీప్రొపిలీన్ పాకెట్టుకు వాసన ఉండదు, కొంచెం గరుకుగా ఉంటుంది, నలిపితే పలపలలాడుతుంది. అమ్మేవారు ఏ ప్లాస్టిక్కో రాయకపోతే ఆ ఆల్బమును వదిలేయడమే మంచిది. నిల్వ సామగ్రి ఫొటోలకు హాని చేస్తుందా అని చూసే పీఏటీ (ఫొటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్) అనే పరీక్ష ఉంది; అది నెగ్గిందని అట్ట మీద రాసి ఉంటే ధర ఎక్కువైనా ఆలోచించనక్కరలేదు.

కొలతల గురించి ఒక మాట. ఇన్‌స్టాక్స్ మినీ 86×54 మిల్లీమీటర్లు, స్క్వేర్ 86×72, వైడ్ 86×108. మూడింటికీ 86 ఉమ్మడి కొలత కాబట్టి, ఆ వైపు నిలువుగా ఉండేలా పెడితే మూడు రకాలూ ఒకే ఎత్తులో నిలబడతాయి, తేదీల వరుస చెడదు. మినీ కొలత దాదాపు ఏటీఎం కార్డు కొలతే. ఆ కార్డుల కోసం చేసిన పాకెట్లలో అతి కష్టం మీద పడుతుంది, కవరుతో సహా అయితే పట్టదు. స్టేషనరీ దుకాణాల్లో దొరికే విజిటింగ్ కార్డు ఆల్బములైతే వెడల్పు చాలక పనికిరావు. పోలరాయిడ్ 88×107 కనుక వేరే పెట్టె కావాలి.

ఇక పెట్టె. మూత చుట్టూ రబ్బరు అంచు, నాలుగు వైపులా బిగించే క్లిప్పులు ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బాలు, వంటింట్లో పప్పులకూ అప్పడాలకూ వాడేవే, ఈ పనికి బాగా సరిపోతాయి. కవరులో పెట్టిన ఫొటోలను నిలువుగా, ఒక దాని మీద ఒకటి వాలి వంగిపోనంత నిండుగా, వేలు పెట్టి తీయడానికి వీలైనంత వదులుగా పేర్చాలి. లోపల చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి ఉంచాలి. శ్రావణ భాద్రపదాల్లో మా గదిలో మీటరు 80 దాటడం మామూలు విషయం. 65 శాతం దాటి తేమ నిలిచిన చోట బూజు పట్టడానికి అవకాశం ఉంటుంది. ఫొటోలకు 30 నుంచి 50 మధ్య తేమ మంచిది. సిలికా జెల్ పెట్టిన పెట్టెలో 40కి కాస్త అటూ ఇటూగా నిలబెట్టగలుగుతున్నాను. అలాగని జెల్ కుమ్మరించకూడదు. మరీ ఆరిపోతే ఫొటో విల్లులా వంగుతుంది, పాత పోలరాయిడ్లలో లోపలి పొర పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది.

చవక మీటర్లను నమ్మే ముందు పరీక్షించాలి, దీనికి ఉప్పు చాలు. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దగా తడిసేంత మాత్రమే నీటి చుక్కలు వేసి, మీటరుతో పాటు జిప్ కవరులో మూసి ఒక రాత్రి ఉంచితే 75 శాతం చూపాలి. నా మీటరు ఐదారు శాతం తక్కువ చూపుతుందని అలాగే తెలిసింది; ఆ తేడాను మూత మీద రాసి పెట్టుకున్నాను. నౌపడ కళ్లుప్పు మన జిల్లాకు ఎంత గర్వకారణమైనా ఈ పనికి వద్దు. అందులోని మెగ్నీషియం లవణాలు లెక్కను కిందికి లాగుతాయి. శుద్ధి చేసిన ప్యాకెట్టు ఉప్పే వాడాలి.

సిలికా జెల్‌లో నీలం రంగు గింజలు కొనవద్దు. వాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో అది మంచిది కాదు. తేమ పీల్చాక నారింజ నుంచి ఆకుపచ్చకు మారే రకం దొరుకుతుంది. రంగు మారిన గింజలను 120 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో ఆరబెడితే తిరిగి పనిచేస్తాయి; ఒవెన్ లేని వారు వంటకు వాడని మూకుడులో సన్నని సెగ మీద కలుపుతూ వేడి చేయవచ్చు. పూర్తిగా చల్లారాకనే, గాలి ఆడే గుడ్డ సంచిలో కట్టి పెట్టాలి. మా ఇంట్లో పొందూరు ఖద్దరు పాత ముక్కలతో కుట్టిన సంచులు వాడుతున్నాం. ఆ గుడ్డ సన్నని నేత వల్ల గింజల పొడి బయటికి రాలదు.

డ్రై క్యాబినెట్ నిజానికి ఇంతకంటే సుఖమైన వస్తువు. అంకె నొక్కితే తేమ అక్కడే నిలుస్తుంది, గింజలు వేయించే పని ఉండదు, అద్దంలోంచి అన్నీ కనిపిస్తాయి. అయినా నేను దాన్ని కెమెరాలకే వదిలేశాను. అది కరెంటు ఉన్నంతసేపే డ్రై క్యాబినెట్, లేకపోతే మామూలు అలమర. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేకపోవడం మనం చూశాం. తేమ పరాకాష్ఠకు చేరేది కూడా సరిగ్గా అలాంటి రోజుల్లోనే. ఈ తీరంలో కరెంటు మీద ఆధారపడే నిల్వను మొదటి ఎంపికగా నేను చెప్పలేను. హైదరాబాదులో ఉన్నవారి లెక్క వేరు కావచ్చు.

పెట్టెలు ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. అటక మీద వద్దు, స్లాబు వేడి నేరుగా తగులుతుంది. నేల మీద వద్దు, కారణం చెప్పనక్కరలేదు. ఇంటి లోపలి గోడకు ఆనించిన ఇనుప బీరువాలో మధ్య అర అన్నిటి కంటే మంచిది. చెక్క నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి ఇనుములో ఉండదు. అయితే పట్టుచీరల మధ్య వేసే కలరా ఉండలను ఆ అరలో ఉండనివ్వకూడదు. ఈ విషయంలో మా అమ్మకూ నాకూ ఇంకా ఒప్పందం కుదరలేదు.

అమరిక విషయానికి వస్తే, మొదట్లో చాలామంది చేసినట్టే పెళ్లిళ్లు, పండుగలు, ప్రయాణాలు అని విడదీసి పెట్టేదాన్ని. సంఖ్య పెరిగే కొద్దీ అది నిలవదు. రథసప్తమికి అరసవల్లి వెళ్లి అటు నుంచి అటే ఒక నిశ్చితార్థానికి హాజరైతే ఆ ఫొటోలు ఏ విభాగంలోకి వెళ్లాలి? ఇప్పుడు తీసిన క్రమమే అమరిక. ప్రతి ఫొటోకు సంవత్సరపు చివరి రెండు అంకెలు, వరుస సంఖ్య: 19-042 అన్నట్టు. ఆ సంఖ్యను పొడవాటి నోటుపుస్తకంలో రాసి, పక్కన తేదీ, ఊరు, మనుషుల పేర్లు, ఫిల్ము రకం వేస్తాను. అదే పట్టిక కంప్యూటరులోనూ ఉంటుంది. ఫొటో మీద రాయవలసి వస్తే వెనుక వైపు, బొమ్మ వెనుక కాకుండా కింది వెడల్పు అంచు వెనుక, సన్నని పర్మనెంట్ మార్కరుతో రాయాలి. బాల్ పెన్ను ఒత్తిడి ముందు వైపు తేలుతుంది, జెల్ పెన్ను సిరా ఆరక పక్క ఫొటోకు అంటుతుంది.

పేర్ల దగ్గర మన వైపు ప్రత్యేకమైన చిక్కు ఉంది. అరసవల్లి సూర్యనారాయణస్వామి, సింహాచలం అప్పన్నల దయ వల్ల సూర్యనారాయణ, అప్పలరాజు, అప్పలనరసమ్మ పేర్లు లేని కుటుంబం కనిపించదు, ఒక్కో ఇంట్లో ఇద్దరు ముగ్గురు కూడా ఉంటారు. పేరు ఒక్కటే రాస్తే పట్టిక వెతకడానికి పనికిరాదు. ‘అప్పలరాజు, టెక్కలి, పెద్దత్త కొడుకు’ అని ఊరూ వరసా కలిపి రాయాలి. ఈ రాత పనిని సంక్రాంతి సెలవులకు పెట్టుకోవడం రెండు విధాల మేలు: గాలిలో చెమ్మ తక్కువగా ఉంటుంది, వరసలు తెలిసిన పెద్దలు ఇంట్లో ఉంటారు. “ఏటే, చిన్నమ్మి పెళ్లి ఫొటోలెక్కడెట్టేవు?” అని మా అమ్మ అడిగితే ఇప్పుడు పుస్తకం తెరిచి నిమిషంలో తీసి ఇవ్వగలను. తీసిన చోట సంఖ్య రాసిన అట్టముక్క నిలబెట్టడం మాత్రం తప్పనిసరి, లేకపోతే ఫొటో తిరిగి ఆ చోటికి రాదు.

పోలరాయిడ్లకు నియమాలు కొంచెం వేరు. 2008లో పాత సంస్థ ఫిల్ము తయారీ ఆపేశాక, నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే కర్మాగారంలో కొత్తవారు రసాయనాలను మొదటి నుంచి కూర్చుకుని 2010లో ఫిల్ము తెచ్చారు. ఇప్పుడు దొరికేది ఆ పరంపరలోనిదే. ఆ ఫొటో లోపల ఆరడానికి సుమారు నెల పడుతుంది. కాబట్టి కొత్త పోలరాయిడ్లను వెంటనే మూత బిగించకుండా, వెలుతురు తగలని చోట, గాలి ఆడే అట్టపెట్టెలో నెల ఉంచాకే కవరులోకి మార్చాలి. వానాకాలంలో తీసినవాటిని ఇంకొన్నాళ్లు ఆగి మారుస్తాను. పెదనాన్నగారి పాత ఫొటోలు కొన్ని పసుపు తిరిగాయి. పెట్టె ఆ మార్పును నెమ్మదింపజేస్తుందే కానీ వెనక్కి తిప్పదు. ఇన్‌స్టాక్స్ వచ్చిందే 1998లో. యాభై ఏళ్లు దాటిన ఇన్‌స్టాక్స్ ఫొటోను ఇంకా ఎవరూ చూడలేదు కనుక, ‘జీవితకాలం నిలుస్తుంది’ అని రాసిన ఆల్బము అట్టలను నేను పట్టించుకోను.

స్కానింగ్ చేయక తప్పదు. సన్నగా, చవకగా వచ్చే సీఐఎస్ రకం స్కానర్లు అద్దానికి అంటుకున్న దాన్నే స్పష్టంగా చూస్తాయి. ఇన్‌స్టంట్ ఫొటోలో బొమ్మ ప్లాస్టిక్ పొర కింద ఉంటుంది కనుక సీసీడీ రకమే తీసుకోవాలి. మెరిసే ముఖం అద్దానికి తగిలితే ఇంద్రధనుస్సు వలయాలు పడతాయి. నల్ల అట్టతో చిన్న చట్రం కత్తిరించి, ఫొటోను దాని మీద ఆనిస్తే అవి పోతాయి. స్కాన్ స్పష్టతకు 600 డీపీఐ చాలు, ఫైలు పేరు పుస్తకంలోని సంఖ్యే. గోడకు తగిలించాలనిపిస్తే ఆ స్కాన్ నుంచి ప్రింటు తీయించి తగిలిస్తాను, అసలు ఫొటోకు ఎండ చూపించను.

పెట్టె పద్ధతిలో నాకు నచ్చనివీ ఉన్నాయి. విడి కవర్లు మన ఊరి దుకాణాల్లో దొరకవు. ఏడురోడ్ల కూడలి చుట్టుపక్కల అడిగితే పెళ్లి ఆల్బములే చూపించారు, చివరకు పార్సిల్‌లో తెప్పించుకున్నాను. ఒక్కో ఫొటోను కవరులోకి దించడం ఓపిక పరీక్ష. చుట్టాలు వచ్చినప్పుడు పెట్టె తెరిచి అందరి చేతుల్లో పెట్టలేం, కాబట్టి ఒక పాలీప్రొపిలీన్ పాకెట్ ఆల్బములో ఓ వంద ఫొటోలు విడిగా ఉంచి, ప్రతి సంక్రాంతికీ వాటిని మారుస్తున్నాను. ఇన్‌స్టాక్స్ ఫొటోలు రెండు మూడు వందలు కూడా లేనివారికి ఆ ఒక్క ఆల్బమూ, దాన్ని పెట్టడానికి మూత బిగిసే డబ్బా, ఒక జెల్ సంచి సరిపోతాయి. స్కానరు తప్ప మిగతా సరంజామా అంతా సంఖ్య పెరిగాక కొనుక్కోవచ్చు.