త్రీ-వే వ్యాన్ ఫ్రిజ్: వెనక గాలాడితేనే చల్లదనం

క్యాంపర్ వ్యాన్లలో బిగించే ఈ అబ్సార్ప్షన్ ఫ్రిజ్ (కంప్రెసర్ లేకుండా, అమ్మోనియా ద్రావణాన్ని వేడిచేసి చల్లబరిచేది) గ్యాస్, మెయిన్స్ కరెంటు, 12 వోల్టుల బ్యాటరీ మూడింటి మీదా నడుస్తుంది. చప్పుడు లేదు, అది పెద్ద ప్లస్సే. కానీ బయటి వేడికన్నా ఓ 20 డిగ్రీలు తగ్గించిందంటే బాగా పనిచేస్తున్నట్టే లెక్క.

పరీక్షించేటప్పుడు లోపలి గాలిని కొలవకండి, తలుపు తీయగానే రీడింగు మారిపోతుంది. గ్లాసెడు నీళ్లలో థర్మామీటరు ముంచి మధ్య అరలో పెట్టి, 12 గంటల తర్వాత చూడండి. బయట 25 డిగ్రీలున్నప్పుడు ఇది 5 డిగ్రీలు దాటితే వెనక వైపు విప్పాల్సిందే.

అసలు రోగం ఎక్కువగా అక్కడే. వేడిని బయటికి వదిలే కండెన్సర్ రెక్కలకూ వ్యాన్ గోడకూ మధ్య 25 మిల్లీమీటర్లకు మించి సందుంటే, కింది జాలీలోంచి వచ్చిన గాలి రెక్కల్ని తాకకుండానే పైకి జారుకుంటుంది. అల్యూమినియం రేకు ఒకటి ఏటవాలుగా బిగించి గాలిని రెక్కల మీదికి మళ్లించండి. ఆపైన పై జాలీ దగ్గర 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్లు రెండు, వేడిగాలిని బయటికి తోసేలా. గ్యాస్ బర్నర్ పక్కన మాత్రం పెట్టొద్దు, మంట ఆరిపోతుంది.

12 వోల్టుల మీద పెద్ద ఆశలొద్దు. ఉన్న చల్లదనాన్ని నిలబెట్టడానికే అది. పైగా సన్నటి వైరు వల్ల 12 వోల్టులు 11కి పడితే హీటరు శక్తి 16 శాతం పోతుంది. వ్యాన్ బాగా వాలుగా ఆపితే అమ్మోనియా ద్రావణం సరిగా పారదు. తలుపు సందులో పెట్టిన కాగితం సులువుగా జారి వస్తే రబ్బరు మార్చండి.

ఇన్ని చేసినా 40 డిగ్రీల ఎండలో ఐస్‌క్రీం గట్టిగా ఉండాలంటే మాత్రం, కంప్రెసర్ ఫ్రిజ్ కొనుక్కోండి.