రెక్కకు ముందు కిటికీయా, వెనక కిటికీయా?

విశాఖ నుంచి ఢిల్లీ మీదుగా లండన్ వెళ్లేవాళ్లకు విమానంలో కిటికీ సీటు దొరికితే సరిపోదు. అది రెక్కకు ముందుందా, వెనకుందా అన్నదీ చూసుకోవాలి.

ఖర్చు: సాధారణంగా ముందు వరుసలకు అదనపు రుసుము ఎక్కువ, వెనక తక్కువ.

దృశ్యం: అసలు తేడా ఇక్కడే. ముందు నుంచి చూస్తే కింద అడ్డేమీ ఉండదు. వెనక నుంచీ నేల కనిపిస్తుంది గానీ, ఇంజిన్ వదిలే వేడిగాలికి దృశ్యం కాస్త మసకబారుతుంది. జూమ్ చేసి తీసిన ఫోటోల్లో అది బాగా తెలుస్తుంది. రెక్క కూడా ఫోటోలో పడాలంటే మాత్రం వెనకే నయం.

కుదుపులు, ఇంజిన్ శబ్దం: వెనక ఎక్కువ.

దిగడం: ముందువాళ్లు త్వరగా బయటపడతారు.

రిస్క్: రెండింటికీ ఉంది. కొన్ని వరుసల్లో కిటికీ ఉండాల్సిన చోట ఉత్త గోడే ఉంటుంది! డబ్బు కట్టేముందు సీట్ మ్యాప్ చూడండి. బోయింగ్ 787 రకం విమానంలో అయితే కిటికీలకు తెరల బదులు బటన్‌తో నల్లబడే అద్దాలుంటాయి; సిబ్బందే వాటన్నిటినీ ఒకేసారి నల్లబరచగలరు.

ఎండ సంగతి వేరు. విశాఖ–ఢిల్లీ ఉదయం విమానంలో కుడివైపు ఎండ కొడుతుంది, సాయంత్రం ఎడమవైపు.

పగటి ప్రయాణం, చేతిలో కెమెరా, ఢిల్లీలో మారడానికి తక్కువ టైమ్ ఉంటే ముందు సీటుకే డబ్బు పెట్టండి. రాత్రంతా నిద్రపోయేవాళ్లకు వెనక సీటు చాలు.