వచ్చినవాళ్ళకి విస్తరి, మనవాళ్ళకి గది

"మీరేవాళ్ళండీ?" అని అడిగాడు సత్రం గుమాస్తా. హైదరాబాదు నుంచి వచ్చామన్నాను. "ఊరు కాదండీ..." అని ఆగి నవ్వాడు. అప్పటికి ఉదయం అయిదున్నర. గౌతమి ఎక్స్‌ప్రెస్ తెల్లారకుండానే రాజమండ్రిలో దించేసింది. సంక్రాంతి వెళ్ళి పది రోజులైనా చలి తగ్గలేదు. చేతిలో రెండు బ్యాగులు, పక్కన డెబ్బై ఒక్కేళ్ళ బాబాయి. గోదావరి గట్టుకి దగ్గర, పొద్దున్నే స్నానానికి వీలుగా ఉంటుందని ఎవరో చెబితే ఆ సత్రానికి వెళ్ళాం. గదులు ఖాళీగానే ఉన్నాయి. కానీ అవి వాళ్ళ సంఘం వాళ్ళకే.

నాకు ఒళ్ళు మండింది. బాబాయికి మండలేదు. "ఎవరి డబ్బుతో కట్టారో వాళ్ళు రాసుకున్న షరతురా అది. గుమాస్తాని అంటే ఏం లాభం?" అని ఆటో ఎక్కాడు. ఆయన ముప్పై ఏళ్ళు సోషల్ మాస్టారు. ఏ గోడ చూసినా దాని వెనక దస్తావేజు ఎక్కడుందా అని వెతికే మనిషి.

చివరికి బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. రోజుకి పధ్నాలుగు వందలు. గీజరు పనిచేసింది, కిటికీ తలుపు పడలేదు. దోమలకి కులం పట్టింపు లేదు.

నిజానికి నేను పాపికొండలు చూద్దామని బయల్దేరాను. బాబాయి ఒప్పుకోలేదు. "కొండలెక్కడికీ పోవు. డెల్టాలో మనుషులు ఒకళ్ళకొకళ్ళు ఎలా కలిసి నిలబడ్డారో చూపిస్తాను, రా" అన్నాడు. ఈ నాలుగు రోజులూ అలా కుదిరినవే. కాబట్టి ఇది మామూలు కోనసీమ టూరు కాదు. రిసార్టులూ బోటింగులూ కావాలనుకునేవాళ్ళకి ఇందులో పెద్దగా ఏమీ లేదు.

రాజమండ్రిలో ఒక పూట చాలు. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు చూడండి. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊళ్ళో సగం మంది వెలి వేశారని అందరం చదువుకున్నాం. ఖర్చెవరు పెట్టుకున్నారన్నది బళ్ళో ఎవరూ చెప్పలేదు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు వెనక లేకపోతే ఆ ఉద్యమం ఒక పెళ్ళితోనే ఆగిపోయేదేమో అంటాడు బాబాయి. తర్వాత 1906లో పంతులుగారు హితకారిణీ సమాజం పెట్టి తన ఆస్తి దానికి రాసిచ్చారు. నాకు అక్కడ నచ్చిన విషయం ఇదే: కులం పేరు మీదో ఊరి పేరు మీదో కాకుండా, చేసే పని పేరు మీద సంఘం. ఆ కాలంలో అది చిన్న విషయం కాదు.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం పిల్లలుంటే సరే, లేకపోతే బ్యారేజీ మీద నుంచి నీళ్ళు చూసుకుని వెళ్ళిపోవచ్చు.

రెండో రోజు ద్రాక్షారామం. ఆర్టీసీ బస్సులో రామచంద్రపురం మీదుగా వెళ్ళాం. పంచారామాల్లో ఒకటి కాబట్టి కార్తీకంలో అడుగు పెట్టే సందుండదు. మేం వెళ్ళిన రోజు మామూలు పనిదినం, దర్శనం పావుగంటలో అయిపోయింది. అసలు పని ఆ తర్వాత మొదలైంది. బాబాయి సంచీలోంచి టార్చిలైటు, మడతలు నలిగిన జిరాక్స్ కాగితాలు తీశాడు.

ఈ గుడి గోడల మీదా స్తంభాల మీదా వందల శాసనాలున్నాయి. టార్చి ఎదురుగా పెడితే రాయి తెల్లగా మెరుస్తుందే తప్ప అక్షరం కనబడదు. పక్క నుంచి, గోడకి ఆనించినట్టు వెలుగు వేయాలి. అప్పుడు గీతల్లో నీడ నిండి అక్షరాలు పైకి లేస్తాయి. చేతులు తగిలి తగిలి కొన్ని చోట్ల నున్నగా అరిగిపోయాయి. బాబాయి వేలితో ఒక్కో అక్షరం కిందా గీస్తూ "నే... యి. నేయి. చూశావా?" అన్నాడు. ఆ రెండు అక్షరాలు తప్ప ఆ వరసలో నాకింకేమీ అర్థం కాలేదు. కానీ వెయ్యేళ్ళ కిందటి రాతిలో నెయ్యి అన్న మాట దొరికితే ఒక క్షణం గుడిలో నెయ్యి వాసన వచ్చినట్టే అనిపించింది.

ఇక్కడి దానశాసనాల్లో చాలావాటిది ఒకటే పద్ధతి. ఒకరు గుడిలో అఖండదీపం పెట్టిస్తారు. దానికి డబ్బివ్వరు, గొర్రెలిస్తారు, సాధారణంగా యాభై. వాటిని ఒక బోయ, అంటే మంద కాసేవాడు, తీసుకుంటాడు. తీసుకున్నందుకు రోజూ మానెడు నేయి గుడికి పోయాలి. అతనొక్కడే కాదు, అతని కొడుకులు, మనవలు, సూర్యచంద్రులు ఉన్నంత కాలం. గొర్రెలు చచ్చిపోతే? పిల్లలు పుడతాయి కదా, లెక్క యాభై తగ్గకూడదు. తమిళ శాసనాల్లో వీటికి చావని, ముసలితనం రాని గొర్రెలని ముద్దుగా పేరు కూడా ఉంది. బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేసినవాణ్ణి, నాకు వెంటనే తట్టింది: అసలు కదలకూడదు, వడ్డీతో దీపం వెలగాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్టుకి మేత వేసి పెంచారన్నమాట.

"మరి ఇప్పుడా దీపాలేవి బాబాయ్?" అన్నాను.

"ఆ గొర్రెలేవి?" అన్నాడు.

ద్రాక్షారామంలో మధ్యాహ్నం అన్నప్రసాదం ఉంటుంది, వేళకి వెళ్ళాలి. మేం శాసనాల దగ్గర వేళ దాటించి, బయట హోటల్లో చల్లారిన పెసరట్టు తిన్నాం. శాసనాలు చూడాలనుకుంటే ఉదయం తొమ్మిది లోపల వెళ్ళండి. పక్క వెలుగు సహజంగానే పడుతుంది, టార్చి కూడా అక్కర్లేదు.

పాత రామచంద్రపురం తాలూకాలోనే టేకి అనే ఊరుంది. మేం అక్కడ దిగలేదు, కానీ బస్సులో ఉన్నంతసేపూ బాబాయి దాని గురించే చెప్పాడు. అక్కడ రాగిరేకులు దొరికాయి. 11వ శతాబ్దం చివర, కులోత్తుంగ చోళుడి కొడుకు రాజరాజ చోడగంగు వేంగిని ఏలుతున్నప్పుడు వేయించినవి. నూనె గానుగల వాళ్ళ సంఘానికి, అంటే తెలికి వేవురికి, అందులో కొన్ని మర్యాదలు రాసిచ్చారు. వాళ్ళిళ్ళల్లో పెళ్ళయితే వధూవరులు గుర్రమెక్కి వీధుల్లో ఊరేగవచ్చు. పెళ్ళయ్యాక రాజుగారి పాదాల దగ్గర బట్టల జత పెట్టి మొక్కితే, బంగారు పాత్రలో తాంబూలం ఇస్తారు.

వేవురు అంటే వెయ్యిమంది. తలలు లెక్కపెట్టి పెట్టిన పేరో కాదో గానీ, మేమింత మందిమి అని చెప్పుకునే సంఘం పేరది. ఈ పేరు బాబాయికి తెగ నచ్చింది. నాకు మాత్రం గుర్రం దగ్గర ఆగిపోయింది బుర్ర. ఒకళ్ళకి గుర్రమెక్కే హక్కు రాగిరేకు మీద రాసిచ్చారంటే, అది లేనివాళ్ళు ఆ వీధిలో నడిచేవెళ్ళాలనేగా? ఈ దేశంలో కొన్ని ఊళ్ళల్లో పెళ్ళికొడుకు గుర్రమెక్కితే ఇప్పటికీ గొడవలవుతున్నాయి. సంఘం తనవాళ్ళని నిలబెడుతుంది, నిజమే. నిలబెట్టడానికి ఒక గీత గీస్తుంది, అదీ నిజమే. ముందు రోజు పొద్దున సత్రంలో గుమాస్తా అడిగింది ఆ గీత గురించే.

కోటిపల్లి రేవులో పంటు, అంటే బండ్లని కూడా దాటించే పెద్ద పడవ, ఎక్కాం. అవతలి గట్టు ముక్తేశ్వరం. రోడ్డు మీద చుట్టూ తిరిగి పోవడం కంటే ఇదే దగ్గర, ఇదే బాగు. రెండు కార్లు, ఇరవై దాకా మోటారుసైకిళ్ళు, ఒక ముసలమ్మ, ఆవిడ బుట్టలో చందువాలు. నది మధ్యకొచ్చాక ఇంజను చప్పుడు తప్ప ఇంకేం లేదు. వరదల్లో పంటు ఆపేస్తారు, వానాకాలంలో వెళ్ళేవాళ్ళు కనుక్కుని బయల్దేరాలి.

బాబాయికి పంటు మీద పాఠం గుర్తొచ్చింది. యూరప్ వాళ్ళకి కూడా ఇలాగే ఒక సత్రం ఉండేదట. జెరూసలేం వచ్చే యాత్రికుల్లో రోగుల్ని చూసుకోవడానికి 11వ శతాబ్దంలో పెట్టిన ఆసుపత్రి. 1113లో పోపు దానికి గుర్తింపిచ్చాడు. హాస్పిటలర్లు అని వాళ్ళ పేరు. రోగుల్ని చూస్తూ చూస్తూనే దారి కాపలా కాశారు, కాపలా కాస్తూ కాస్తూ కత్తి పట్టారు. చివరికి కోటలు కట్టి, జెరూసలేం చేజారాక రోడ్స్ దీవి, 1530 నుంచి మాల్టా దీవి ఏలుకున్నారు. "మన సత్రాలు నయం కదా బాబాయ్, కత్తి పట్టలేదు" అన్నాను. "తాళంకప్ప పట్టాయిగా" అన్నాడు. చేపల బుట్ట ముసలమ్మ కూడా నవ్వింది. ఏం అర్థమై నవ్విందో మరి.

అమలాపురంలో రెండు రాత్రులు. ఊరు పెద్దది, లాడ్జీలు బోలెడు, ఏసీ గది రెండు వేల లోపు దొరుకుతుంది. మాకు దొరికింది శుభ్రంగానే ఉంది కానీ, బుక్ చేసినప్పుడు ఒక రేటు, తాళం ఇచ్చేటప్పుడు ఇంకో రేటు. రాత్రి పదింటికి వాదించే ఓపిక లేక ఇచ్చేశాం.

మూడో రోజు లంకల గన్నవరం. నా మటుకు నాకు ఈ ప్రయాణం మొత్తం ఈ ఊరి కోసమే. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి పిలిచి పిలిచి అన్నం పెట్టే మనిషి కావడంతో ఆయన్ని బువ్వన్న అనేవారట. పెళ్ళయి వైనతేయ గోదావరి పక్కన ఈ ఊరికి వచ్చారు. భర్త జోగన్నగారు రైతు. అప్పట్లో నది దాటి లంకల్లోకి వచ్చేవాళ్ళు పడవ కోసం గంటలు గంటలు ఆగాలి. హోటళ్ళు లేవు. ఆకలితో వచ్చినవాళ్ళకి ఈ ఇల్లొక్కటే కనబడేది. వేళ అనీ కులమనీ చూడకుండా, 1909లో పోయేదాకా ఆవిడ పెట్టారు.

ఊళ్ళో ఆవిడ పేరు చెబితే చాలు, అడగని సంగతులు కూడా చెబుతారు. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారట. దారిలో బోయీలు పల్లకీ దించారు. పక్కనే ఒక కుటుంబం వెళుతోంది, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. "కాసేపు ఓర్చుకోండి, గన్నవరం వెళితే సీతమ్మగారు అన్నం పెడతారు" అంటోంది తల్లి. ఆ మాట విని సీతమ్మగారు పల్లకీ వెనక్కి తిప్పించేశారు, దర్శనం లేదు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక వేడుకకి రమ్మంటే వెళ్ళలేదని, ఆవిడ ఫొటో తీసుకెళ్ళి కుర్చీలో పెట్టారని ఇంకో కథ. కాకా హోటల్ దగ్గర మాకీ రెండో కథ చెప్పిన పెద్దాయన, తానే ఆ కుర్చీ మోసినట్టు చెప్పాడు.

ఆవిడకి సంఘం లేదు, ట్రస్టు లేదు, యాభై గొర్రెలూ లేవు. పొలం అమ్ముకుంటూ పెట్టారు. అందుకే ఆవిడతోనే ఆగిందా అని బాబాయిని అడిగాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, కాకినాడ జగన్నాయకపురంలో మల్లాడి సత్యలింగ నాయకర్ ఆస్తి సంగతి చెప్పాడు. రంగూన్ వెళ్ళి ఓడరేవు పనుల్లో సంపాదించి, ఆస్తి వీలునామాతో ధర్మానికి వదిలేసిన మనిషి. ఆ పేరు మీద బడులు, కాలేజీ ఇప్పటికీ ఉన్నాయి. "కాగితం రాసినవాడిది మిగిలింది. కాగితం రాయని ఆవిడ పేరు బళ్ళో పిల్లల మధ్యాహ్న భోజనానికి పెట్టారు. ఏది ఎక్కువో నువ్వే చూసుకో" అన్నాడు. నాకింకా తేలలేదు.

అక్విడెక్టు తప్పకుండా చూడాలి. కింద వైనతేయ, పైన కాలువ, దాని పక్కన రోడ్డు. కాటన్ దొర కాలం నాటి పాతదానికి తోడు కట్టిన కొత్తదానికి సీతమ్మగారి పేరే పెట్టారు. సాయంత్రం ఎండ వాలాక వెళ్ళండి. నడిచేవాళ్ళకి లారీలతో కొంచెం టెన్షన్.

అక్కడి నుంచి అప్పనపల్లి ఆటోలో వెళ్ళాం. బాలబాలాజీ గుడి మరీ పాతదేం కాదు. మొల్లేటి రామస్వామి అనే కొబ్బరి వ్యాపారి 1960ల్లో మొదలుపెట్టింది. ఇక్కడ నిత్యాన్నదానానికి పెట్టింది పేరు. హాల్లో బల్లల మీద విస్తళ్ళు వేసి, బకెట్లతో పరిగెడుతూ వడ్డించారు. ముద్దపప్పు, దొండకాయ కూర, గోంగూర, సాంబారు, మజ్జిగ. నా ఎడమ పక్క కారులో వచ్చిన కుటుంబం, కుడి పక్క కొబ్బరి దింపుడు కత్తి నడుముకే ఉన్న కుర్రాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. వడ్డించేవాడు అడిగింది ఒకటే: "అన్నమండీ?"

కూర చప్పగా ఉంది, మజ్జిగ పల్చన. అయినా ఈ నాలుగు రోజుల్లో నేను కడుపునిండా తిన్న భోజనం ఇదే.

నాలుగో రోజు సఖినేటిపల్లి నుంచి పంటు మీద నరసాపురం దాటాం. అక్కడ లేసు అల్లే ఆడవాళ్ళ సొసైటీలు చూడాలని అనుకున్నాం. బాబాయికి మోకాళ్ళ నొప్పి, ఎండ ఎక్కువైంది, ఒక దుకాణంలో టేబుల్ క్లాతు కొనుక్కుని పాలకొల్లు బస్సెక్కేశాం.

పెనుగొండ చేరేసరికి సాయంత్రం ఆరు. వాసవీ కన్యకాపరమేశ్వరి పుట్టిన ఊరు. ఆమెతో పాటు 102 గోత్రాల దంపతులు అగ్నిప్రవేశం చేశారన్నది వైశ్యుల కథ. పాత నగరేశ్వరాలయం చిన్నదైనా నాకు బాగా నచ్చింది. బాబాయికి గుడి కంటే దేవుడి పేరు మీద ఆసక్తి. పాత శాసనాల్లో వర్తకుల సంఘాన్ని నకరం అంటారు, వర్తకులున్న చోటల్లా నగరేశ్వరుడు ఉంటాడు అని మొదలుపెట్టాడు. చీకటి పడుతోందని నేను సత్రం వెతకడానికి లాక్కెళ్ళాను.

దారిలో రహస్యంగా చెప్పాడు. రాజమండ్రి గుమాస్తా మాట రెండు రోజులు నిద్రపట్టనివ్వలేదట. ఈసారి ఎవరైనా "మీరేవాళ్ళు?" అంటే "మేం వేవురిలో వాళ్ళం" అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడట. చెప్పి వాళ్ళ మొహం చూడాలట.

సత్రంలో కౌంటరు వెనక అమ్మాయి ఆధార్ కార్డులు తీసుకుని, ఫోటో తీసి, రిజిస్టర్లో రాసింది. తాళం చేతికిచ్చి, "భోజనానికి ఎనిమిదింటికల్లా వచ్చేయండి బాబాయిగారూ, తర్వాత గిన్నెలు కడిగేస్తారు" అంది.

"ఇంకేం అడగవా అమ్మా?" అన్నాడు బాబాయి.

"ఆయ్, ఫోన్ నెంబరండీ" అంది.