పిల్లలకు ‘కమ్ అవే’ సినిమా పెట్టబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పిల్లల సినిమా అనుకుని ‘కమ్ అవే’ను ఆన్‌లైన్‌లో అద్దెకు తీసుకోవాలని చూస్తున్న తల్లిదండ్రులకు ఈ మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఇది పిల్లల సినిమా కాదు. ఒక ఇంట్లో పెద్దకొడుకు చనిపోతే ఆ ఇల్లు ఎలా కుప్పకూలిపోతుందో చెప్పే కథ. మాకు అద్దెకిచ్చిన పేజీలో ఆ సంగతి ఒక్క ముక్క కూడా లేదు. కథలోని అసలు మలుపును దాచిపెట్టి ఈ హెచ్చరిక రాయడం కుదరదు కాబట్టి అదీ చెప్పేస్తున్నాను.

ఆ పేజీలో ఏముందో ముందు చెబుతాను. ‘పిల్లలు, కుటుంబం’ అనే విభాగంలో పెట్టారు. రంగురంగుల పోస్టరు. ఇంగ్లీషు పిల్లల కథల్లో పేరున్న ఇద్దరు, ఎప్పటికీ పెద్దవాడు కాని పీటర్ పాన్, వింతలోకంలోకి వెళ్లే ఆలిస్ ఒకే తల్లి పిల్లలైతే ఎలా ఉంటుందన్న ఊహతో రెండు మూడు వాక్యాల పరిచయం. ఏంజెలీనా జోలీ తల్లి, డేవిడ్ ఒయెలోవో తండ్రి. దర్శకురాలు బ్రెండా చాప్‌మన్. 1998లో వచ్చిన ‘ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’ దర్శకుల్లో ఆమె ఒకరు, ఆ తరువాత ‘బ్రేవ్’కు ఆస్కార్ అందుకున్నారు. ఇన్ని చూశాక ఏ తల్లయినా ఏమనుకుంటుంది? పిల్లలను ధైర్యంగా కూర్చోబెట్టవచ్చు అనుకుంటుంది.

మేము తీసుకున్నది దసరా సెలవుల్లో. బంగాళాఖాతంలో అల్పపీడనం, విశాఖలో తెరిపి లేని వాన. అనకాపల్లి నుంచి మా చెల్లెలి పిల్లలు వచ్చారు. కురుసుర జలాంతర్గామి చూపిస్తానని, బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తులు కొనిపెడతానని మాట ఇచ్చాను కానీ, ఆ వానలో ఎంవీపీ కాలనీ దాటే పరిస్థితి లేదు. మా అత్తయ్య కూడా వచ్చి సోఫాలో కూర్చున్నారు. తెలుగు మాటలు లేవు, ఇంగ్లీషులోనే చూడాలి. అది పెద్ద ఇబ్బంది కాదు, అత్తయ్యకు నేను చెబుతూ ఉన్నాను.

మొదటి భాగం నిజంగా బాగుంది. ఇంగ్లండులో పల్లెటూరి ఇల్లు, చుట్టూ అడవి. ముగ్గురు పిల్లలు డేవిడ్, పీటర్, ఆలిస్. ఆటలో వాళ్ల చేతిలోని కర్రలు కత్తులవుతాయి, పాత పడవ ఓడ అవుతుంది. తండ్రి చిన్న చిన్న బొమ్మ ఓడలు చేసి అమ్ముతుంటాడు. మా పిల్లలు కళ్లు ఆర్పకుండా చూశారు. అంతలోనే పెద్దవాడు డేవిడ్ ప్రమాదంలో చనిపోతాడు. ఇక అక్కడినుంచి సినిమా రంగే మారిపోతుంది. తల్లి తాగుడులో పడుతుంది. తండ్రి మానేసిన జూదానికి మళ్లీ వెళతాడు, అప్పులు ముంచుకొస్తాయి. ఆలిస్‌ను తీసుకుపోయి మర్యాదస్తురాలిగా తీర్చిదిద్దుతానని పెద్దమ్మ పట్టుపడుతుంది. ఇల్లు నిలబెట్టే భారం ఆ ఇద్దరు పసివాళ్ల మీద పడుతుంది. వాళ్లు లండన్ వెళ్లి ఒక వస్తువు అమ్మి డబ్బు తేవాలని చూస్తారు. వింతలు, మాయలు అప్పుడప్పుడు మెరిసి మాయమైపోతాయి. మిగిలినదంతా పెద్దవాళ్ల దుఃఖం, పెద్దవాళ్ల అప్పులు.

మా చెల్లెలి కూతురికి ఏడేళ్లు, దానికి ఒక అన్న. డేవిడ్ ఇక రాడని అర్థమయ్యాక అది తెర వైపు చూడడం మానేసి అన్న చొక్కా అంచు పట్టుకుని కూర్చుంది. “పెద్దమ్మా, ఆ అన్నయ్య ఆఖరికి వచ్చేస్తాడు కదా?” అని అడిగింది. మాయల సినిమా కదా, వస్తాడనే దాని నమ్మకం. నేను టీవీ ఆపేశాను. రాత్రి వాళ్లన్న పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగితే, లిఫ్టు తలుపు దగ్గరే నిలబడి వాడు వచ్చేదాకా లోపలికి రాలేదు. ఆ తరువాత కూడా వాడు బాత్రూములోకి వెళితే బయటినుంచి పేరు పెట్టి పిలిచేది. మిగతా సినిమాను పిల్లలు పడుకున్నాక నేను ఒక్కదాన్నే చూశాను, ఇది రాయాలనే చూశాను.

ఈ దుఃఖం ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే సినిమా మీద కొంత గౌరవం కలుగుతుంది, అది కూడా చెప్పాలి. పీటర్ పాన్‌ను సృష్టించిన జె.ఎం. బ్యారీకి డేవిడ్ అనే అన్న ఉండేవాడు. 1867లో, పద్నాలుగో పుట్టినరోజు ముందు రోజు, మంచు మీద స్కేటింగ్ చేస్తుండగా దెబ్బ తగిలి చనిపోయాడు. అప్పటికి బ్యారీకి ఆరేళ్లు. ఆ కొడుకును తలచుకుని తల్లి మంచం పట్టింది. వాడు ఎన్నటికీ పెద్దవాడు కాడు, ఎప్పటికీ పిల్లవాడిగానే ఉండిపోతాడు అన్న ఆలోచనే ఆమెకు ఓదార్పు అయింది. 1904లో లండన్ రంగస్థలం మీదికి ఎగిరి వచ్చిన ‘పెద్దవాడు కాని పిల్లవాడి’ వెనుక ఉన్నది ఆ గాయమేనని చాలామంది అంటారు. సినిమాలో పెద్దకొడుకుకు అదే పేరు పెట్టారు. ఇది తెలిసిన పెద్దవాళ్లకు కన్ను చెమరుస్తుంది. ఏడేళ్ల పిల్లకు ఇదేమీ తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

ఆలిస్‌కు జరిగిన అన్యాయం నాకు ఇంకా బాధ. ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ కథ పుట్టిందే పిల్లలను నవ్వించడానికి. 1862 జూలై 4న ఆక్స్‌ఫర్డ్ దగ్గర నదిలో పడవ మీద వెళుతూ, తోడు వచ్చిన ముగ్గురు చిన్నారి అక్కచెల్లెళ్ల కోసం లూయిస్ క్యారల్ అప్పటికప్పుడు అల్లి చెప్పాడు, 1865లో పుస్తకంగా వచ్చింది. అర్థం పర్థం లేని ప్రశ్నలు, రాణిగారితోనైనా వాదానికి దిగే పిల్ల, ఎటు తిరిగినా తలకిందుల తర్కం. సినిమాలో ఆలిస్ ఉంది, ఆ అల్లరి లేదు. కుందేలు, గడియారం, టోపీవాడు గుర్తులుగా మాత్రం వచ్చి పోతారు. అసలు కథలు చదవని మన పిల్లలకు ఆ గుర్తులు అందవు, చదివిన పిల్లలకేమో తమ ఆలిస్ కనబడదు.

పిల్లలకు దుఃఖం చూపించకూడదని నేను అనడం లేదు. మా అమ్మమ్మ చెప్పిన బాలనాగమ్మ కథ తక్కువ దుఃఖమా? ఊయలలోని బిడ్డను వదిలించి తల్లిని మాయల ఫకీరు ఎత్తుకుపోతాడు. అయినా మేము ఊపిరి బిగబట్టి వినేవాళ్లం. ఎందుకంటే బాలవర్ధిరాజు పెరుగుతాడు, బయలుదేరుతాడు, ఏడు సముద్రాల అవతల చిలుకలో దాచిన ప్రాణం పట్టుకుంటాడు, తల్లిని తెస్తాడు. ఏడిపించిన కథే చెయ్యి పట్టి గట్టెక్కిస్తుంది. ‘కమ్ అవే’లో పిల్లలకు అలా పట్టుకోవడానికి చెయ్యి లేదు. చివరికి పీటర్ తన ఊహాలోకంలోకి వెళ్లిపోవడాన్ని పెద్దవాళ్లు ఎలాగో సరిపెట్టుకోగలరేమో కానీ, చిన్నవాళ్లకు అది ఇంకొక పిల్లవాడు ఇల్లు వదిలి పోవడమే.

నటన విషయంలో వంక పెట్టను. ఆలిస్, పీటర్ వేసిన పిల్లలిద్దరూ చక్కగా చేశారు. పెద్దవాళ్లు ఇది విషాదమని తెలిసి చూస్తే చూడవచ్చు. నా పోరు అంతా దీన్ని పిల్లల బల్ల మీద వడ్డించినందుకే.

ఇప్పుడు డబ్బు సంగతి. అద్దె సినిమాలకు సాధారణంగా తీసుకున్న నాటినుంచి 30 రోజుల గడువు, ఒకసారి మొదలుపెడితే 48 గంటలు ఇస్తారు. మొదలుపెట్టాక వాపసు ఇవ్వడం అరుదు. మాకూ ఇవ్వలేదు. విభాగం మార్చమని రాస్తే, మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు అని అచ్చు జవాబు వచ్చింది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915, తెలుగులోనూ మాట్లాడవచ్చు. వస్తువు గురించి తప్పుగా చెప్పి అమ్మారని అనిపిస్తే అక్కడ నమోదు చేయించండి.

పోస్టరును, విభాగాన్ని నమ్మకండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ వేదికలు వయసు గుర్తుతో పాటు సినిమాలో ఏముందో చెప్పే మాటలు కూడా చూపించాలి. యు/ఎ 7+, 13+, 16+ అని ఉండే ఆ గుర్తు పక్కన చిన్న అక్షరాలలో ఉంటాయి. అమెరికాలో ఈ సినిమాకు పీజీ (తల్లిదండ్రులు చూసుకుని చూపించాలి అనే) రేటింగు ఇస్తూ బరువైన ఇతివృత్తం, కొంత హింస, కలవరపెట్టే దృశ్యాలు అని కారణం రాశారు. ఆ ఒక్క వాక్యం మా పేజీలో కనబడి ఉంటే చాలు. ఈమధ్య ఇంట్లో ఎవరైనా పోయిన పిల్లలు ఉంటే మరీ జాగ్రత్తగా ఉండండి. ఇప్పటికే అద్దెకు తీసుకుని ఇంకా మొదలుపెట్టకపోతే, మొదలుపెట్టకుండానే ఈరోజే వాపసు అడగండి.