బోరు నీళ్లతో పెరిగిన పాచి: ఆర్‌ఓ-డీఐ యూనిట్‌ మూడేళ్లు వాడాక

అనంతపురంలో మా ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. రెండు క్లౌన్ చేపలు, పూలలా విచ్చుకునే కొన్ని జోయాంథస్‌లు, ఒక లెదర్ కోరల్ అనే మెత్తటి పగడం. మొదటి ఏడాదంతా రాళ్ల నిండా వెంట్రుకల్లాంటి పచ్చటి పాచే. ఆదివారం పీకితే గురువారానికి మళ్లీ అంత పొడవు. జోయాంథస్‌లు దాని కింద ముడుచుకుపోయి వారాల తరబడి విచ్చుకోలేదు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమనేది. మేత తగ్గించాను, లైటు తగ్గించాను. తేడా రాలేదు.

వంటింటి ఆర్‌ఓ నీళ్లే కదా పోస్తున్నాను అనే ధీమాతో ఉన్నాను. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) కొలిచే మీటరు పెడితే 110 పీపీఎం చూపింది. రుచి కోసం కొంత బోరు నీటిని మళ్లీ కలిపే ఏర్పాటు ఆ మిషన్‌లోనే ఉంది. తాగడానికి బాగానే ఉంటుంది కానీ, మన ఎండలకు ట్యాంకులో రోజుకు నాలుగు లీటర్లు ఆవిరవుతాయి. పోయేది ఒట్టి నీరే. పోసిన నీళ్లలోని నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ ట్యాంకులోనే ఉండిపోతాయి. నెలకు 120 లీటర్లు అలా పోస్తే, నీళ్లు కాచే గిన్నెకు తెల్లగా పట్టినట్టు అవి పేరుకుంటూ పోతాయి. పాచికి అదే ఎరువు.

అందుకే రోజుకు 75 గ్యాలన్లు వడకట్టే ఆర్‌ఓ మెంబ్రేన్, చివర మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ ఉన్న ఆర్‌ఓ-డీఐ యూనిట్ కొన్నాను. మిద్దె మీది ట్యాంకు ప్రెషర్ చాలదు, బూస్టర్ పంపు తప్పనిసరి. మా బోరు నీళ్ల టీడీఎస్ 900, మెంబ్రేన్ దాటాక 25, రెజిన్ దాటాక 0. ఆన్ చేసిన వెంటనే వచ్చే నీళ్లలో టీడీఎస్ ఎక్కువ. వాటిని రెజిన్‌లోకి పోనిస్తే అది తొందరగా అయిపోతుంది. మధ్యలో వాల్వు పెట్టి మొదటి పది నిమిషాల నీళ్లు బయటికి వదిలేస్తాను. రెజిన్ అయిపోవస్తే ముందు జారిపోయేది సిలికేట్. మీటరు 0 చూపుతున్నా గాజు మీద సిలికేట్‌తో పెరిగే గోధుమ రంగు పొడిలాంటి పాచి పేరుకుంటే రెజిన్ మార్చేస్తాను.

నచ్చనిది ఒక్కటే. లీటరు మంచి నీటికి నాలుగు లీటర్లు వృథా. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లాలో అది మనసుకు కష్టం. డ్రమ్ముకు పట్టి బండలు తుడవడానికి, బాత్రూముకు వాడుతున్నాం.

పాచి వెంటనే పోలేదు. రాళ్లు పీల్చుకున్న ఫాస్ఫేట్ బయటికి వస్తూనే ఉంది, నాలుగు నెలలు టూత్‌బ్రష్‌తో రుద్ది సైఫన్‌తో లాగాను. ఓపిక పట్టలేక ఫాస్ఫేట్ రిమూవర్ ఎక్కువ వేస్తే రీడింగ్ 0కి పడిపోయి, బుడగలతో గోధుమ రంగు జిగురు కమ్మింది. డైనోలు, అంటే డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు. పాచి కంటే అవే ఎక్కువ ఏడిపించాయి. ఇప్పుడు ఫాస్ఫేట్ 0.05 పీపీఎం, నైట్రేట్ 5 పీపీఎం దగ్గర ఉంచుతున్నాను. ఈకల్లా చీలి ఉండే బ్రయాప్సిస్ అనే రకం పాచి అయితే మాత్రం నీళ్లు మార్చినంత మాత్రాన పోదు, దాని వైద్యం వేరు.

లెదర్ కోరల్ అరచేయంత అయింది. మెంబ్రేన్ తర్వాతి రీడింగ్ ఈమధ్య 40 దాటుతోంది, వేసవి లోపు కొత్తది వేయాలి.