పదహారు నుంచి పదిహేనుకు: అమ్మ నడుము కోసం మార్చిన టైర్లు, రెండేళ్ల వాడకం తర్వాత

కారు మెత్తగా నడవాలంటే ఏ కంపెనీ టైరు కొనాలని అందరూ అడుగుతారు. రెండేళ్లకు పైగా వాడిన అనుభవంతో నేను చెప్పేది, ముందు సైజు చూడండి, కంపెనీ సంగతి తర్వాత. నా హ్యాచ్‌బ్యాక్‌కు షోరూమ్ నుంచి వచ్చినవి 195/55 ఆర్16 టైర్లు. వాటిని తీసేసి 185/65 ఆర్15 వేయించాను. రిమ్ము ఒక అంగుళం తగ్గింది, దాని చుట్టూ రబ్బరు పెరిగింది. ఈ కారు మీద పెట్టిన ఖర్చుల్లో నాకు ఇంత తృప్తినిచ్చింది మరొకటి లేదు. టైరు కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఈ సైజులో హైవే ప్రయాణానికి సరిపడే మెత్తటి రకాలు నాలుగైదు కంపెనీలు అమ్ముతున్నాయి. నాకు దక్కిన సుఖంలో పెద్ద వాటా సైజుదేనని నా నమ్మకం.

అమ్మకు నడుములో డిస్క్ సమస్య ఉంది. అనంతపురంలో ఉంటుంది. డాక్టరుకు చూపించుకోవడానికి, మనవళ్లను చూడటానికి తరచూ బెంగళూరు వస్తుంది. బస్సు ఆమెకు పడదు కాబట్టి నేనే వెళ్లి తీసుకొస్తాను. 44వ నంబరు జాతీయ రహదారి మంచి రోడ్డే, పెద్ద గుంతలు తక్కువ. ఆమె నడుముకు తగిలేవన్నీ చిన్న చిన్న అంచులు: వంతెనల దగ్గర అతుకులు, టోల్ గేటుకు ముందు వరుసగా గీసిన రంబుల్ స్ట్రిప్స్, తారు తవ్వి మళ్లీ పూసిన చోట్లు. పాత టైర్ల మీద ప్రతి అంచూ టక్కుమని సీటులోకి వచ్చేది. లేపాక్షి వైపు తిరిగే కొడికొండ చెక్‌పోస్ట్ రాకముందే అమ్మ, “కొంచేపు నిలుపు నాయనా, నడుము పట్టేసింది” అనేది. షాక్ అబ్జార్బర్లు చూపించాను, బాగానే ఉన్నాయన్నారు. సీటు మీద దిండు వేశాను. పెద్దగా మార్పు లేదు.

ఈ ఆలోచనకు దారి చూపించింది డిక్కీలో ఉన్న స్టెప్నీ. ఒకరోజు పంక్చరై దాన్ని కిందికి దించితే, దాని పక్కన 185/65 ఆర్15 అని ఉంది. మా మోడల్‌లోనే తక్కువ వేరియంట్‌కు నాలుగు చక్రాలకూ అదే సైజు. అంటే తయారుచేసినవాళ్లే ఈ కారుకు సరిపోతుందని ఒప్పుకున్న సైజు అది. లెక్క వేసి చూశాను. 195/55 అంటే టైరు వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం, అంటే సుమారు 107 మిల్లీమీటర్లు. 185/65 లో అదే ఎత్తు 120 మిల్లీమీటర్లు. రిమ్ముతో కలిపి మొత్తం చక్రం వ్యాసం రెండింట్లోనూ దాదాపు 621 మిల్లీమీటర్లే, తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. కాబట్టి స్పీడోమీటరు లెక్క మారదు, కారు ఎత్తు మారదు. బరువు మోసే శక్తి కూడా తగ్గదు: 195/55 ఆర్16 మీద సాధారణంగా 87 అని ఉంటుంది, టైరుకు 545 కిలోలు. 185/65 ఆర్15 మీద 88, అంటే 560 కిలోలు. రిమ్ముకూ రోడ్డుకూ మధ్య 13 మిల్లీమీటర్ల గాలి అదనంగా వస్తుంది. చిన్న అంచు తగిలినప్పుడు స్ప్రింగు కదలకముందే ముందు వంగేది ఆ పక్కగోడే.

ఇది అన్ని కార్లకూ కుదరదు. కొన్నింటికి బ్రేక్ డిస్కులు పెద్దవి, 15 రిమ్ములో పట్టవు. అదే మోడల్ తక్కువ వేరియంట్ ఏ సైజుతో వస్తుందో చూసుకుని, బ్రేకులు కూడా అవేనని ఖాయం చేసుకున్నాకే ముందుకెళ్లాలి.

టైర్ల కోసం బెంగళూరు జె.సి. రోడ్డులో తిరిగినప్పుడు నాకు ఎదురైంది వేరే మాట. దాదాపు ప్రతి షాపులోనూ “205 వేయండి సార్, గ్రిప్పు పెరుగుతుంది, లుక్ వస్తుంది” అన్నారు. చిన్న రిమ్ముకు దిగుతానంటే నా ముఖం వంక వింతగా చూశారు. ఒకచోట నేనడిగిన సైజే తక్కువ ధరకు ఇస్తామన్నారు. టైరు మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుసలో చివరి నాలుగు అంకెలు చూస్తే అవి తయారై మూడేళ్లు దాటింది. ఆ నాలుగింటిలో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. మెత్తదనం కోసం కొనేవాళ్లు దీన్ని తప్పకుండా చూడాలి, నిల్వ ఉన్నకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది. ఆఖరికి మా మోడల్‌వే 15 అంగుళాల అల్లాయ్ వీల్స్ వాడినవి మంచి స్థితిలో దొరికాయి. పాత 16వి అమ్మేస్తే ఆ ఖర్చులో చాలా భాగం తిరిగొచ్చింది. టైర్ల ధర చెప్పి లాభం లేదు. నేను కొన్నప్పుడు జీఎస్టీ 28 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతమైంది.

వేయించిన రోజు నిరాశే కలిగింది. కారు పాత టైర్ల కన్నా గట్టిగా ఎగిరింది. దారిలో పెట్రోల్ బంకులో గాలి చూపిస్తే 42 పీఎస్ఐ ఉంది. చాలా షాపుల్లో టైరు రిమ్ములో కూర్చోవడానికి ఎక్కువ గాలి కొడతారు, తర్వాత తగ్గించకుండా పంపేస్తారు. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉన్నట్టు 33కి తెప్పించాక అసలు టైరు ఎలా ఉందో తెలిసింది. మెత్తదనం కోసం డబ్బు పోసి, గాలి విషయంలో పట్టించుకోకపోతే ఆ డబ్బంతా వృథా. మరో సంగతి, మే నెలలో పెనుకొండ దాటాక బంకులో చూపిస్తే 37, 38 చూపిస్తుంది. అది పరుగు వేడికి పెరిగిన గాలి, తీయించకూడదు. టైరు చల్లగా ఉన్నప్పుడు చూసిందే లెక్క.

తర్వాత అమ్మను తీసుకొచ్చిన ప్రయాణం గురించి రాయకుండా ఉండలేను. పెనుకొండ పోయింది, కొడికొండ పోయింది, బాగేపల్లి టోల్ దగ్గర వరుసలో నిలబడ్డాం. అమ్మ వెనక సీట్లో ఉడకబెట్టిన బుడ్డలు ఒలుచుకుంటూ మా చిన్నోడితో మాట్లాడుతూనే ఉంది. అంతకుముందు ఆమె రెండు చేతులూ తలుపు పైనున్న హ్యాండిల్‌నే పట్టుకుని ఉండేవి. నేనే ఉండబట్టలేక “నడుము ఎట్లుందిమా?” అని అడిగితే, “ఈసారి బాగుందిరా, రోడ్డేమన్నా కొత్తగా వేసినారా?” అంది. నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి. చిక్కబళ్లాపురంలో ఆపాం, అది కూడా కాఫీ కోసం.

బెంగళూరు లోపల కూడా తేడా తెలుస్తుంది. మెట్రో పనులతో చీలికలు, అతుకులు పడ్డ కె.ఆర్. పురం నుంచి సిల్క్ బోర్డు దాకా రింగ్ రోడ్డు మీద ఆ టక టక బాగా తగ్గింది. వర్షానికి నీళ్లు నిలిచిన గుంతలో పడితే రిమ్ము వంగుతుందేమోనన్న టెన్షన్ కూడా మునుపటంత లేదు. ఇది ఏ మేరకు పనిచేస్తుందో కూడా చెప్పాలి. చిన్న అంచులను టైరు మింగుతుంది. పెద్ద హంపుల మీద, లోతైన గుంతల్లో అది సస్పెన్షన్ పని, అక్కడ పాత టైర్లకూ వీటికీ తేడా పెద్దగా లేదు. ఇల్లు హంపులున్న లేఅవుట్‌లో ఉండి, రోజూ వాటి మీదే తిరిగేవాళ్లు దీనివల్ల అద్భుతం జరుగుతుందని ఆశపెట్టుకోవద్దు.

మొదటి ఏడాది నేను ఎవరు అడిగినా “మెత్తగా ఉంది, నిశ్శబ్దంగా ఉంది” అని రెండు మాటలూ కలిపి చెప్పేవాణ్ణి. ఇప్పుడు రెండోదాన్ని కాస్త సవరించుకోవాలి.

సుమారు ఇరవై వేల కిలోమీటర్లు తిరిగాక వెనక నుంచి గుయ్యిమని ఒక రొద మొదలైంది. 50 దాటితే వినిపించేది, 80 దగ్గర మాటలకు అడ్డొచ్చేది. వైట్ టాపింగ్ చేసిన కాంక్రీటు రోడ్ల మీద ఎలాగూ శబ్దం ఎక్కువే కాబట్టి మొదట రోడ్డుదేననుకున్నాం. తారు రోడ్డు మీద కూడా ఆగకపోయేసరికి ఎప్పుడూ సర్వీసుకు ఇచ్చే చోటికే తీసుకెళ్లాను. ఒక రౌండు వేసి వచ్చి వెనక కుడి వైపు బేరింగ్ పోయిందన్నారు. మార్చారు. బిల్లు కట్టి బయటికొచ్చి ఫ్లైఓవర్ ఎక్కితే అదే రొద. మళ్లీ వెళితే, ఎడమది కూడా పోయుంటుంది, రెండూ జతగా మార్చాల్సిందన్నారు. పాత బేరింగ్ చూపించమని అడిగాను. చేత్తో తిప్పితే నున్నగా తిరుగుతోంది, ఎక్కడా గరగర లేదు. ఎడమది మార్చనివ్వలేదు.

బెంగళూరు బాణసవాడిలో, చిత్తూరు వైపు నుంచి వచ్చి అలైన్‌మెంట్ షాపు పెట్టుకున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయన కారు నడపనే లేదు. వెనక టైరు మీద అరచేయి పెట్టి ముందుకు ఒకసారి, వెనక్కు ఒకసారి నిమిరి, “మీరు పెట్టి చూడండి సార్” అన్నాడు. ఒకవైపు నున్నగా జారింది, ఇంకోవైపు రంపపు పళ్లలా గీరుకుంది. ట్రెడ్‌లోని, అంటే రోడ్డుకు తగిలే రబ్బరులోని ఒక్కో దిమ్మ ఒక అంచున ఎక్కువ, ఇంకో అంచున తక్కువ అరిగిపోయింది. ఆ పళ్లు ఒక్కొక్కటిగా రోడ్డును కొడుతుంటే వచ్చే రొదే అది. ఇంజను ముందు చక్రాలను తిప్పే కార్లలో వెనక టైర్ల మీద బరువు తక్కువ, అవి ఊరికే దొర్లుతుంటాయి. ఉన్నచోటే ఉంచేస్తే ఇలా అరుగుతాయి, టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, కొంచెం తేడాగా ఉంటే ఇంకా తొందరగా. ట్రెడ్ దిమ్మలు మెత్తగా ఉండే రకాల్లో ఇది ముందే కనపడుతుందని ఆయన మాట.

ఆయన లోతు కొలిచే గేజీ పెట్టాడు. వెనకవి దాదాపు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి, ముందువి బాగా అరిగాయి. ఒక్కసారైనా ముందూ వెనకా మార్చి ఉంటే అంత తేడా రాదు. నా దగ్గరున్న ప్రతి సర్వీసు బిల్లులో మాత్రం టైర్ రొటేషన్ అని డబ్బులు వేసి ఉన్నాయి. చేయని పనికి డబ్బు తీసుకున్నారు, ఆ పని చేయకపోవడం వల్ల వచ్చిన శబ్దానికి మంచి బేరింగ్ పీకి కొత్తది వేశారు. బిల్లులు పట్టుకెళ్లి అడిగితే, రొటేషన్ డబ్బులు వచ్చే సర్వీసులో తగ్గిస్తామన్నారు. వచ్చే సర్వీసుకు నేను అక్కడికి వెళ్లలేదు. డబ్బు కన్నా నాకు బాధ వేరే. ఆ నెలల్లో అమ్మను తీసుకొస్తుంటే వెనక నుంచి వచ్చే రొదకు ఆమె తల పట్టుకునేది, చక్రం ఊడిపోతుందేమోనని భయపడేది.

ఇలాంటి రొద వస్తే బేరింగ్ మార్చడానికి ఒప్పుకునే ముందు టైర్లను ముందూ వెనకా మార్పించండి. శబ్దం చోటు మారితే అది టైరుదే. బేరింగ్‌దైతే శబ్దం ఉన్నచోటే ఉంటుంది, మలుపులో కారు బరువు ఒకవైపు పడ్డప్పుడు సాధారణంగా ఎక్కువో తక్కువో అవుతుంది. మాకు వెనకవి ముందుకు రాగానే రొద కూడా డాష్‌బోర్డు కిందికి వచ్చేసింది. ముందు చక్రాల మీద పడ్డాక ఆ పళ్లు మెల్లగా సమంగా అరిగాయి, రెండు మూడు వేల కిలోమీటర్లకు చాలావరకు తగ్గింది. కొత్తలో ఉన్న నిశ్శబ్దం మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ఎవరికి ఇచ్చినా టైర్ల లోపలి వైపు సుద్దతో ఏది ముందుదో ఏది వెనకదో రాసి ఇస్తున్నాను.

శబ్దం కోసం టైరు ఎంచుకునేవాళ్లకు ఇంకో మాట. యూరప్‌లో అమ్మే టైర్ల లేబుల్ మీద శబ్దం ఎంతో చెప్పే డెసిబెల్స్ అంకె ఉంటుంది, దాన్ని చూసి కారు లోపల నిశ్శబ్దంగా ఉంటుందని అనుకోవద్దు. అది కారు పక్కనుంచి పోతున్నప్పుడు బయట రోడ్డు పక్కన పెట్టిన మైకులో కొలిచింది. లోపలికి ఎంత వస్తుందన్నది మీ కారును బట్టి, రోడ్డును బట్టి ఉంటుంది.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. స్టీరింగ్ తిప్పగానే కారు వెంటనే స్పందించడం తగ్గింది. 100 దగ్గర లేన్ మారితే ఒక్క క్షణం ఆలస్యంగా సర్దుకుంటున్నట్టు ఉంటుంది. నంది కొండ మలుపుల్లో మా బావమరిది నడిపి, “బావా, కారు ఊగుతోంది” అన్నాడు, అది నిజమే. చక్రాలు చిన్నగా కనిపిస్తాయని కూడా అన్నాడు, దాన్ని నేను పట్టించుకోను. ఒక లాభం అనుకోకుండా వచ్చింది: స్టెప్నీ కూడా అదే సైజు కాబట్టి, దాన్ని వేసుకున్నప్పుడు ఒక చక్రం వేరు సైజన్న బెంగ లేదు.

నేను 90 దాటి నడపడం అరుదు, వెనక సీట్లో నొప్పితో కూర్చునే మనిషి ఉంది, ఇంటి నుంచి ఆఫీసుకు రింగ్ రోడ్డు తప్ప వేరే దారి లేదు. వీటిలో ఏదీ లేనివాళ్లకు ఈ మార్పు ఖర్చుకు తగినంత అనిపించకపోవచ్చు. ఇప్పటికే 65 సిరీస్ టైర్లున్నవాళ్లకైతే రిమ్ము జోలికి పోవాల్సిన పనే లేదు, మెత్తటి రకం చూసుకుని గాలి సరిగ్గా పెట్టుకుంటే చాలు. నా టైర్లు గాడిలోని అరుగుదల గుర్తుల దాకా, అంటే 1.6 మిల్లీమీటర్ల దాకా రావడానికి ఇంకా టైముంది. వచ్చే సెట్టు కూడా ఇదే సైజు. టైరు ఇదే వేస్తానా, ట్రెడ్ దిమ్మలు ఇంకాస్త గట్టిగా ఉండే రకానికి వెళ్తానా అన్నది తేల్చుకోలేదు. బాణసవాడి పెద్దాయనను అడిగాకే కొంటాను.