టచ్‌డౌన్ తర్వాత: ఒకటా, రెండా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని మైదానం చివరనున్న ఎండ్ జోన్‌లోకి చేర్చడమే టచ్‌డౌన్. దానికి ఆరు పాయింట్లు రాగానే టీ కోసం లేవకండి, అసలు బేరం అప్పుడే మొదలవుతుంది: అదనంగా ఒక పాయింటు కోసం కిక్ కొట్టాలా, రెండు కోసం మళ్లీ ప్రయత్నించాలా?

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కిక్ ఎంచుకుంటే బంతిని ఎండ్ జోన్‌కు 15 గజాల దూరంలోని గీత దగ్గర పెడతారు. గోల్ స్తంభాలు ఎండ్ జోన్ వెనుక ఉంటాయి కాబట్టి తన్నే దూరం దాదాపు 33 గజాలు. వాటి మధ్యగా వెళ్తే ఒక పాయింటు. చాలాసార్లు వెళ్తుంది, చూడటానికి చప్పగా ఉంటుంది.

రెండు కావాలంటే బంతి 2 గజాల గీత మీద ఉంటుంది. ఒకే ప్రయత్నం. పరుగెత్తో, పాస్ అందుకునో ఎండ్ జోన్‌లోకి చేరాలి, ఆగిపోతే సున్నా. దాదాపు నాణెం ఎగరేసినట్టే.

2017 ఫిబ్రవరిలో జరిగిన ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ సూపర్ బౌల్‌లో 28-3తో వెనకబడిన పేట్రియట్స్ జట్టు కిక్ ఒకటి స్తంభానికి కొట్టుకుని బయటికి పోయింది. చప్పటి ఒక్క పాయింటూ ఖాయం కాదన్నమాట! ఆ తర్వాత జేమ్స్ వైట్ దూసుకెళ్లి రెండు, డానీ అమెండోలా పాస్ అందుకుని రెండు తెచ్చారు. స్కోరు 28-28, అదనపు సమయంలో పేట్రియట్స్ 34-28తో గెలిచింది.